సున్నకి వదిలిన చోటు

అక్టోబరు 2

ఈ కొలతల పుస్తకంలో ముందు పేజీలు రాళ్ళకి, వెనక పేజీలు నాకు. ఎవరైనా తెరిచినా రెండడుగులు, మూడడుగులు అని చూసి మూసేస్తారు. ఇంతకన్నా మంచి తాళం నాకు దొరకలేదు.

ఈ రోజు మాస్టారు షెడ్డుకి వచ్చారు. బడి నుంచి రిటైరయ్యారు గానీ ఆ గొంతు ఇంకా రిటైరవ్వలేదు. గేటు దగ్గరే మొదలుపెట్టారు.

"అమ్మాయ్, క్వారీ రాయి నువ్వే చెక్కాలి. కమిటీ అంతా ఒక్క మాట మీద ఉంది."

వచ్చే నెల తొమ్మిదికి క్వారీలో కొండ విరిగిపడి పదేళ్ళు. ఏడుగురు పోయారు. అందులో మా నాన్న ఒకడు. క్వారీ గేటు పక్కన ఒక రాయి నిలబెట్టి, ఏడు పేర్లూ చెక్కించి, ఏడు కుటుంబాలనీ అక్కడికి పిలవాలని కమిటీ ఆలోచన. నల్లరాయి. నిలువు ఐదడుగులు, అడ్డం మూడు.

నా వల్ల కాదని చెప్పడానికే నోరు తెరిచాను. "రాత ఎప్పుడిస్తారు?" అని వచ్చింది.

వెళ్ళబోతూ ఆయన గొంతు తగ్గించారు. "మీ తమ్ముడికి చెప్పాలంటావా? కొందరికి ఇష్టం లేదు."

"మీ ఇష్టం" అన్నాను.

నాన్నకి ఆ రోజు క్వారీలో పనేమీ లేదు. తమ్ముడు రమ్మంటే వెళ్ళాడు. అంతే. ఇందులో రాయడానికి ఇంకేమీ లేదు.

అక్టోబరు 5

రాత రాలేదు. ఏ మాట పెట్టాలా అని కమిటీలో కొట్టుకుంటున్నారట. ఏడుగురి పేర్ల మీద రాని గొడవ ఒక్క మాట మీద వచ్చిందంటే మాస్టారు అక్కడ ఉన్నారనే అర్థం.

అక్టోబరు 8

మాస్టారు అట్ట ఊడిపోయిన నిఘంటువు చంకలో పెట్టుకుని వచ్చారు. నేను రాయి సాఫు చేస్తున్నాను. నీళ్ళ చప్పుడుకి వినబడదని మిషను ఆపమన్నారు. ఆపాను.

"పదో వర్ధంతి అని రాయమంటారు వాళ్ళు. వర్ధంతి అంటే ఏమిటో తెలుసా? పెరగడం. వృద్ధి, వర్ధిల్లడం, అన్నీ దానికి చుట్టాలే. ఒకప్పుడు పుట్టినరోజుకి వాడిన మాట. ఎక్కడ తిరగబడిందో గానీ తీసుకొచ్చి పోయిన రోజుకి అంటగట్టాం. పోయినవాళ్ళకి పెరిగేదేముంది?"

"మనకి పెరుగుతోంది కదండీ, వయసు."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు, లెక్క వేసుకున్నాను. నాన్న పోయినప్పుడు నాకు ముప్ఫై ఆరు, ఇప్పుడు నలభై ఆరు. నాన్న మాత్రం అరవై రెండు దగ్గరే ఉన్నాడు. ఇంకో పదహారేళ్ళు ఓపిక పడితే ఆయనా నేనూ ఒకే ఈడువాళ్ళం అవుతాం.

"పోనీ స్మారకం అనండి" అన్నాను.

"అది రాయికి పేరు. మనం చేసే పనికి పేరు కావాలి."

"జ్ఞాపకార్థం?"

అడక్కుండా ఉండాల్సింది. ఆయన సర్దుకుని కూర్చున్నారు. "జ్ఞాపకం అంటే అసలు అర్థం తెలియజేసేది అని. లోపల దాచుకునేది కాదమ్మాయ్, ఇంకొకళ్ళకి తెలిపేది. మనం దాన్ని పట్టుకెళ్ళి మనసులో పెట్టి తలుపేసుకున్నాం."

నాకు అప్పుడే మిషను బెల్టు వదులైనట్టు అనిపించింది. లేచి బిగించాను. బెల్టు బాగానే ఉంది.

చివరికి ఆయన తేల్చింది సంస్మరణ. స్మరణ అన్న మాటకి మూలంలో ఉత్తినే గుర్తుంచుకోవడం కాదట, బెంగతో తలుచుకోవడమట. దానికి ముందు 'సం'.

"ఆ 'సం' తీసేయండి మాస్టారూ. స్మరణ సరిపోతుంది. నాకూ పని తగ్గుతుంది" అన్నాను.

"తీసేస్తే ఎవరింట్లో వాళ్ళు కూర్చుని తలుచుకున్నట్టు. దానికి రాయెందుకు, గేటెందుకు? 'సం' అంటే కలిసి. అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది."

అక్టోబరు 9

తెలియజేసేదట. ఆయనకి పనీ పాటా లేదు.

అక్టోబరు 12

రాత వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో సంస్మరణ. కింద: కొండ విరిగిన రోజున పనిలో పోయిన ఏడుగురికి, అందరం కలిసి. ఆ కింద ఏడు పేర్లు. నాలుగోది నాన్నది.

'సం' అంటేనే కలిసి అన్నాక మళ్ళీ 'కలిసి' ఎందుకని అడిగాను. అది కమిటీ పట్టుదలట, ఒక మాట వదులుకుని ఒక మాట నిలబెట్టుకున్నారట మాస్టారు. అక్షరాలు లెక్క పెట్టుకున్నాను. సున్నలు ఐదు. సంస్మరణలో ఒకటి, కొండలో ఒకటి, అందరంలో రెండు, నాన్న పేరులో ఒకటి. మిగతా ఆరుగురి పేర్లలో ఒక్కటీ లేదు.

సున్నలు లెక్కపెట్టడం పాత అలవాటు. ఈ షెడ్డులో సున్నలు తమ్ముడివి. నేను పదహారో ఏట ఉలి పట్టాను, వాడు నా తర్వాత నాలుగేళ్ళకి పట్టాడు. వాడు చెక్కిన మొదటి సున్న చూసి నాన్న దాని మీద వేలు పెట్టి తిప్పాడు. ఆ తర్వాత నాతో అన్నాడు: "వేరే అక్షరంలో వంకరొస్తే వంపు అనుకుంటారు. సున్నలో వస్తే వంకర అనే అంటారు. ఇకమీదట సున్నలు వాడికి వదిలెయ్." అప్పటి నుంచి నేను వరస చెక్కుకుంటూ పోయి, సున్న రావాల్సిన చోట బొటనవేలంత ఖాళీ వదిలి సుద్దముక్కతో చుక్క పెట్టేదాన్ని. సాయంత్రం వాడు వచ్చి ఖాళీలన్నీ నింపేవాడు. గీత గీసుకోడు, కొలత పెట్టుకోడు, పాటలు పాడుతూ చెక్కేవాడు. వాడి పాట మాత్రం వంకరే.

వాడు వెళ్ళిపోయాక సున్నలు నేనే చెక్కుతున్నాను. దగ్గు మందు సీసా మూత పెట్టి గీసుకుంటాను. పదేళ్ళుగా ఈ చుట్టుపక్కల రాళ్ళ మీద సున్నలన్నీ ఒకటే సైజు. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

అక్టోబరు 15

కొత్త ఉలి కోసం బజారుకి వెళ్ళాను. వచ్చేటప్పుడు మందుల దుకాణం వీధిలోంచి వచ్చాను. చుట్టు దారే గానీ నీడగా ఉంటుంది.

మందుల దుకాణం బోర్డు రాసింది తమ్ముడు. షెడ్డు వదిలాక రంగు డబ్బాలు పట్టుకుని బోర్డులు రాసుకుంటున్నాడు. 'మందుల'లో సున్న చూస్తే చాలు, సంతకం అక్కర్లేదు. రంగు వెలిసింది గానీ చుట్టు వెలవలేదు.

అక్కడే మరదలు ఎదురైంది. వాడు మాట్లాడకపోయినా ఆ పిల్ల మాట్లాడుతుంది. మూతి ముడుచుకునే రకం కాదు.

"వదినా, క్వారీ దగ్గర రాయి పెడుతున్నారంట కదా. అందరికీ కబురొచ్చింది. మాకు రాలేదు."

"కమిటీ వాళ్ళు మర్చిపోయుంటారు."

"పదేళ్ళ కిందటిది గుర్తుపెట్టుకుని రాయి పెట్టేవాళ్ళు, రెండు వీధుల అవతల ఉన్నవాణ్ణి మర్చిపోయారా?" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఆయన ఆ తొమ్మిదో తారీకున ఏటా అన్నం ముట్టడు వదినా. అడిగితే ఆకలి లేదంటాడు."

నాకు పనుందని చెప్పి వచ్చేశాను. పని ఉంది కూడా.

తమ్ముడు రమ్మన్నాడు, నాన్న వెళ్ళాడు. ఇందులో అబద్ధం ఏముంది?

అక్టోబరు 19

రాయి బల్ల మీదికి ఎక్కింది. చార లేదు, మచ్చ లేదు. మొదలుపెట్టాను.

అక్టోబరు 23

ఏడుగురిలో ముగ్గురి పేర్లు అయ్యాయి. రేపు నాలుగోది.

అక్టోబరు 24

నాలుగోది వదిలి ఐదోది చెక్కాను.

అక్టోబరు 26

నాలుగోది కూడా అయింది. ఏమీ కాలేదు. అక్షరాలే కదా. తినడానికి కూర్చుంటే చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు, అది ఉలి పట్టీ పట్టీ వచ్చిన నొప్పి.

అక్టోబరు 29

పెద్ద అక్షరాలు కూడా పూర్తయ్యాయి. మాస్టారు చూడ్డానికి వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నారు.

"అమ్మాయ్, ఇదేమిటి? సస్మరణ అని ఉంది."

తిట్టడానికి సిద్ధపడి రాయి దగ్గరికి వెళ్ళాను. స ఉంది. స్మ ఉంది. మధ్యలో బొటనవేలంత ఖాళీ ఉంది. ఖాళీ మధ్యలో సుద్దముక్క చుక్క.

కింద వరస చూశాను. 'కొ' పక్కన ఖాళీ, చుక్క. 'అ' పక్కన, 'ర' పక్కన. నాన్న పేరులో కూడా అంతే. ఐదు చోట్లా బుద్ధిగా చుక్కలు పెట్టి వదిలేశాను. పది రోజులు ఈ రాయి మీదే వంగి కూర్చున్నదాన్ని, చుక్క పెట్టినట్టు ఒక్కటీ గుర్తులేదు. పదేళ్ళుగా ఏ రాయి మీదా ఇలా చేయలేదు.

"మర్చిపోయావా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. చోటు వదిలాను."

"ఎవరికి?"

రాళ్ళ పొడి కంట్లో పడిందని ముఖం కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయారు.

అక్టోబరు 30

మూత తెచ్చాను. రాయి మీద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. పెన్సిలు తీసుకున్నాను. పెన్సిలు పెట్టేశాను.

రేపు చేస్తాను.

అక్టోబరు 31

మూత కనబడలేదు. (కనబడింది. చెత్తబుట్టలో ఉంది. వేసింది నేనే.)

నవంబరు 1

రాయాలంటే ఇక్కడే రాయాలి.

ఆ రోజు పదకొండు గంటలకి షెడ్డులో ఫోను మోగింది. తీసింది నేను. తమ్ముడు క్వారీ నుంచి మాట్లాడుతున్నాడు. అప్పట్లో వాడు పగలు అక్కడ రాళ్ళు ఎంచేవాడు, సాయంత్రం ఇక్కడ సున్నలు చెక్కేవాడు. "అక్కా, మంచి రాయి తేలింది. నాన్న చూస్తే బాగుంటుంది. ఇవాళ వద్దు, రేపు రమ్మను. వానకి ఇక్కడంతా బురదగా ఉంది" అన్నాడు.

రేపు రమ్మను అన్నాడు.

బల్ల మీద సగమైన రాయి ఉంది. అందులో ఒక సున్నకి చోటు వదిలి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉలి పట్టినదాన్ని, ఆ ఒక్క చుట్టూ నా చేతికి రాదా అని ఎన్నాళ్ళ నుంచో లోపల కుతకుతలాడుతోంది. నాన్న ఎదురుగా ఉంటే ముట్టుకోనివ్వడు. ఆయన టీ తాగుతున్నాడు. నేను ఫోను పెట్టేసి, "తమ్ముడు ఇప్పుడే రమ్మంటున్నాడు, మంచి రాయి దొరికిందంట" అన్నాను. టీ సగంలో వదిలేసి చెప్పులు వేసుకున్నాడు. మంచి రాయి అంటే ఆయనకి అంత ఆత్రం.

ఆయన గేటు దాటగానే సున్న చెక్కాను. మూత లేదు, గీత లేదు. బాగా వచ్చింది. అదే నా ఏడుపు, చాలా బాగా వచ్చింది. నాన్న వచ్చేసరికి దాన్ని తుడిచి, తడిపి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలనుకున్నాను. మూడు గంటలకి కొండ విరిగింది. ఫోను పెట్టగానే తమ్ముడు రాళ్ళ లారీతో బయటికి వెళ్ళాడట, నాన్న వచ్చింది చూడనే లేదు.

అందరూ అడిగారు, ఆయన అక్కడెందుకున్నాడని. "తమ్ముడు రమ్మన్నాడు" అన్నాను. మూడో రోజు తమ్ముడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు. "అక్కా, రేపని చెప్పావు కదా?" వాడి కళ్ళు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయలేను. "చెప్పాను. ఆయన ఆగలేదు. నువ్వు ఫోను చేయకపోతే వెళ్ళేవాడు కాదు" అన్నాను.

ఆ వారంలోనే వాడు ఉలి ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తండ్రిని చావుకి పిలిచినవాడని క్వారీ కుటుంబాలు వాణ్ణి పిలవడం మానేశాయి. నేను వాణ్ణి క్షమించలేక మాట్లాడటం లేదని అందరూ అనుకున్నారు. చాలా రోజులు నేనూ అదే అనుకున్నాను.

పదేళ్ళు నేను గుర్తుపెట్టుకుంటే, వాడు మోశాడు.

నవంబరు 3

మరదలికి ఫోను చేసి, రాయి మీద ఐదు సున్నలు మిగిలాయని చెప్పాను. ఇంకేమీ అనలేదు. మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చాడు. వేళ్ళకి పచ్చరంగు ఉంది. చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు. నా కన్నా చిన్నవాడికి నా కన్నా ముందు నెరిసింది.

రాయి మీద చెయ్యి పెట్టి ఒక్కో చుక్కా తడుముకుంటూ వెళ్ళాడు. నాన్న పేరు దగ్గర ఆగాడు.

"చోటు బాగానే వదిలావు" అన్నాడు. పదేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట. "నా ఉలి ఉందా?"

ఉంది. ఏటా పదును పెట్టి, నూనె రాసి పెడుతున్నాను. ఇచ్చాను. వాడు దాని మీద బొటనవేలు ఆనించి చూసి, నా వైపు చూసి, కాస్త నవ్వాడు కూడా.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. వాడు చెక్కేవాడు, మరదలు టిఫిన్ డబ్బా తెచ్చేది, ముగ్గురం కూర్చుని తినేవాళ్ళం. నేను ఇంకో ముప్ఫై ఏళ్ళు హాయిగా బతికేదాన్ని. ఆ హాయి నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను. సుత్తి కూడా చేతికి అందించాను.

వాడు మొదటి దెబ్బ వేయబోతుంటే అన్నాను. "నువ్వు రేపు రమ్మన్నావు. నేను నాన్నకి ఇప్పుడే అని చెప్పాను."

వాడికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను, సున్న సంగతి. ఎంత చిన్న సంగతో బయటికి అంటేనే తెలిసింది.

సుత్తి బల్ల మీద పెట్టాడు. విసిరేసినా బాగుండేది.

"పదేళ్ళక్కా" అన్నాడు. "పొద్దున లేస్తే నేనే చంపాననుకుంటూ లేచాను. ఫోను మోగితే లేచి బయటికి పోతాను నేను, తెలుసా? నా పిల్లకి కూడా నేను ఫోను చెయ్యను. వాళ్ళమ్మతో చేయిస్తాను."

"నన్ను తిట్టరా."

"తిడితే నీకు తేలిగ్గా ఉంటుంది" అని వెళ్ళిపోయాడు. ఉలి చేతిలోనే ఉంది. చూసుకున్నట్టు లేడు.

నవంబరు 4

రాలేదు.

నవంబరు 5

మాస్టారు వచ్చి రాయిని చూసి, నన్ను చూశారు. వెళ్ళేటప్పుడు "ఖాళీలతోనే నిలబెడదాం, పర్వాలేదు" అన్నారు. ఆ మనిషి ఒక తప్పు అక్షరాన్ని పర్వాలేదనడం జీవితంలో మొదటిసారి అయ్యుంటుంది.

నవంబరు 6

లేదు.

నవంబరు 7

పొద్దున సంతకి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాను. షెడ్డు తాళం వేసినట్టే ఉంది. లోపల నేల మీద తాజాగా రాతి పొడి ఉంది.

ఈ తాళం పదేళ్ళుగా మార్చలేదు. తాళాలవాడు మూడుసార్లు తుప్పు పట్టిందని చెప్పినా మార్చలేదు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.

కొండలో సున్న వచ్చింది. అందరంలో రెండూ వచ్చాయి. నాన్న పేరులోది అన్నిటికన్నా బాగా వచ్చింది, దాని మీద వేలు పెడితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చాను.

సంస్మరణలోది చెక్కలేదు. ఆ ఖాళీలో సుద్దచుక్క చెరిపేసి, పెన్సిలుతో చుట్టు గీశాడు. పక్కన చిన్న అక్షరాల్లో రాసి పెట్టాడు: ఇది నీది. మూత పెట్టకు.

అయితే మూత సంగతి వాడు పట్టుకున్నాడన్నమాట. ఎన్ని రాళ్ళు చూసి పట్టుకున్నాడో.

నవంబరు 8

చెక్కాను. పొద్దంతా పట్టింది. పదేళ్ళ కిందట చెక్కినంత బాగా రాలేదు. కుడి పక్క కింద కొంచెం నొక్కుకుపోయింది. సరిచేయబోయి ఆగాను.

సాయంత్రం లారీ వచ్చి రాయిని తీసుకెళ్ళింది.

నవంబరు 9

ఏడు కుటుంబాలూ వచ్చాయి. మాస్టారు సంస్మరణ గురించి చెప్పడం మొదలుపెట్టి, అందరూ రాయినే చూస్తున్నారని గమనించి, ఐదు నిమిషాల్లో ముగించారు. ఇది కూడా చరిత్రే.

తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్ల అందరి వెనక గేటు బయట నిలబడ్డారు. లోపలికి రాలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

రాయి చెక్కినందుకు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను రెండు మాటలే మాట్లాడాను. "ఆ రోజు నాన్నని తమ్ముడు రేపు రమ్మన్నాడు. అబద్ధం చెప్పి ఆ రోజే పంపింది నేను." గేటు దాకా వినబడింది.

ముందు వరసలో ఒకావిడ, భర్త పేరు ఆ రాయి మీద మొదటిది, లేచి నా వైపు చూడకుండా నన్ను దాటి నడిచింది. గేటు దగ్గరికి వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వాడి దగ్గరికి వెళ్ళారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. రాకపోవడమే న్యాయం. వస్తే తట్టుకోలేకపోయేదాన్ని.

తమ్ముడు రాయి దగ్గర వంగి నా సున్న చూశాడు. నొక్కు మీద వేలు పెట్టి రెండుసార్లు తిప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఒక్కదాన్నే నడుస్తున్నాను. చాలా దూరం వచ్చాక వెనక అడుగులు వినిపించాయి. మరదలూ పిల్లా ఆటోలో వెళ్ళారట. వాడు నా పక్కకి రాలేదు, నాలుగడుగుల వెనకే నడిచాడు.

"నాకింకా కోపంగానే ఉంది" అన్నాడు.

"ఉండనీ."

"చాలా రోజులుంటుంది."

"సరే."

మలుపు దగ్గర నేను అలవాటుగా మందుల దుకాణం వీధిలోకి తిరిగాను.

"ఇటెందుకు? చుట్టు కదా."

"నీడగా ఉంటుందని" అన్నాను.

వాడు ఆగి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తలెత్తి తన బోర్డు చూశాడు.

"ఈ వీధిలో ఒక్క చెట్టు కూడా లేదక్కా" అన్నాడు.

అని, వచ్చి నా పక్కన నడిచాడు.